పై ఇరవై నాలుగు మెట్లు

ఆ వేసవి జాజ్ ఉత్సవం సంగతి ఎత్తితే చాలు, మా ఊళ్ళో ఎవరైనా సరే ఐదో శనివారం దగ్గరికే వస్తారు. "పియానో ఆవిడ వాయించింది చూడూ, అదీ వాయించడమంటే! ఎంత అణకువ! ఎంత నిగ్రహం!" అని కళ్ళు మూసుకుని తలలూపుతారు. మందుల షాపాయన ఊపుతాడు. పళ్ళ డాక్టరమ్మ నా నోట్లో అద్దం పెట్టి మరీ ఊపుతుంది. నోట్లో అద్దం ఉంది కాబట్టి నేనేమీ మాట్లాడలేను. లేకపోయినా మాట్లాడను. ఆవిడ అణకువతో అలా వాయించలేదనీ, వాయించడానికి ఆ పియానోలో పై మెట్లు మిగల్లేదనీ, ఆ ఘనకార్యం మా ఇంటిదేననీ చెబితే నమ్మేదెవరు? నమ్మకపోగా, అంత మంచి సాయంత్రాన్ని చెడగొట్టడానికి వచ్చానని నామీదే విరుచుకుపడతారు. అందుకే ఇక్కడ చెప్పేస్తున్నాను. లోపల పెట్టుకుని పెట్టుకుని నాకు విసుగొచ్చింది.

మాది పియానోలు శ్రుతి చేసే ఇల్లు. నాన్నకి ఆ పనిలో నలభై ఏళ్ళు. నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అమ్మ ఫోన్లు ఎత్తి, "బయల్దేరారండీ, దారిలో ఉన్నారు" అని చెబుతుంది, నాన్న అప్పటికింకా స్నానాల గదిలోనే ఉన్నా సరే. ఊరి చివర మైదానంలో ఏటా వేసవిలో ఆరు శనివారాలు జాజ్ ఉత్సవం జరుగుతుంది. సగమే పైకప్పున్న వేదిక, పచ్చిక మీద మడత కుర్చీలు, వెనక టీలకో గుడారం. ఇరవై ఆరేళ్ళుగా ఆ వేదిక మీది పియానో నాన్న చేతిదే.

ఆరుబయట పియానో అంటే చంటిపిల్లతో సమానం. ఎండకి ఒకలా ఉంటుంది, మబ్బుకి ఒకలా ఉంటుంది. చెమ్మ తగిలితే చెక్క ఉబ్బి శ్రుతి పైకి పోతుంది. దీపాల వేడికి తీగలు సాగి కిందికి జారుతుంది. నాన్నకి దీనికో పద్ధతి ఉంది. మిట్టమధ్యాహ్నమే వేదిక మీది దీపాలన్నీ వెలిగించి, గంటసేపు పియానోని కాగనిచ్చి, సాయంత్రం ఎంత వేడుంటుందో అంత వేడిలో శ్రుతి చేస్తాడు. పట్టపగలు దీపాలేమిటని మొదట్లో ఎలక్ట్రీషియన్ నవ్వాడట. ఇప్పుడు మేం అడక్కముందే వేస్తాడు.

పియానోలో వేళ్ళతో నొక్కే మెట్లు ఎనభై ఎనిమిది. ఎడమ చివర నుంచి అరవై నాలుగు నావి. కుడి చివర, సన్నగా పలికే పై ఇరవై నాలుగు నాన్నవి. ఒక్కో మెట్టుకి పైన మూడేసి తీగలు. రెంటిని మెత్తటి ఫెల్టు గుడ్డ పట్టీతో నొక్కి ఒకదాన్ని సరిచేసి, మిగతావాటిని దానికి కలపాలి. రెండు తీగలు ఇంచుమించుగా కలిస్తే వాటి మధ్య చిన్న ఊపు వినిపిస్తుంది. ఆ ఊపు నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయే చోటు పట్టుకోవడమే మా పనంతా. కింద ఆ ఊపు ఎవరికైనా తెలుస్తుంది. పైకి పోయేకొద్దీ సన్నబడిపోతుంది.

"పైవి చెయ్యాలంటే చెవి పండాలే," అంటాడు నాన్న. ఎనిమిదేళ్ళుగా అదే మాట. నాకు ముప్ఫై మూడొచ్చాయి. ఇంకెప్పుడు పండుతుందో, పండి రాలిపోయాక గానీ ఆ మెట్ల మీద చెయ్యి వెయ్యనివ్వడేమోనని నా ఏడుపు నాది.

మొదటి శనివారం నాన్న పని ముగించి, చేతులు తుడుచుకుంటూ సెక్రటరీతో టీకి వెళ్ళాడు. సెక్రటరీ అంటే ఉత్సవం నడిపించేవాడు, నాన్నంటే ప్రాణం పెడతాడు. ప్రతి శనివారం నాలుగింటికి ఆ గుడారంలో ఇద్దరూ కూర్చుని, పాత ఏళ్ళ కచేరీలన్నీ తవ్విపోసుకుంటారు. నేను మూత తుడుస్తూ ఊరికే పైన రెండు మెట్లు నొక్కాను. పళ్ళు పులిశాయి. ఇంకో నాలుగు నొక్కాను. అన్నీ శ్రుతి ఎక్కువైపోయాయి. వరసన, ఓపిగ్గా, ఒక్కటీ వదలకుండా, ఉండాల్సిన చోటు కంటే పైకి లాగి పెట్టాడు. పొరపాటున ఒకటి జారితే వేరు. ఇదలా కాదు. ఆయనకి అవి అలానే సరిగ్గా వినిపిస్తున్నాయి.

ఆ సాయంత్రం మమ్మల్ని కాపాడింది ఒక పాడైపోయిన మైకు. పాడే అమ్మాయి రెండో పాటలో ఉండగా అది చచ్చిపోయింది. ఆ పిల్ల ఒక్క క్షణం దాన్ని చూసి, కిందపెట్టేసి, వేదిక మెట్లు దిగి కుర్చీల మధ్యకి వచ్చేసింది. డబుల్ బేస్ అని మనిషంత వాయిద్యం ఉంటుంది. దాన్ని వాయించేవాడు కూడా దాన్ని భుజానికెత్తుకుని వెనకాలే దిగాడు. చెవి దగ్గర చెప్పినట్టు, వరస వరసకీ ఆగుతూ ముప్పావుగంట పాడింది. ముందు వరసలో ఒకాయన చెప్పులు విప్పేసి కూర్చున్నాడు. పియానో వాయించేవాడు పైన ఒంటరిగా చేతులు కట్టుకుని నవ్వుతూ ఉండిపోయాడు. అందరికీ ఆ పాట గుర్తుంది. నాకు ఆ కట్టుకున్న చేతులు గుర్తున్నాయి.

ఇంటికెళ్ళగానే అమ్మని వంటింట్లో పట్టుకున్నాను.

"అమ్మా, నాన్న పైవన్నీ ఎక్కించేస్తున్నాడు."

అమ్మ పళ్ళేలు కడగడం ఆపలేదు. "తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"చలికాలం నుంచీ అలారం వినబడట్లేదు ఆయనకి. నేనే తట్టి లేపుతున్నా. మొన్న పొద్దున్న కిటికీ దగ్గర నిలబడి, పిట్టలు అరవడం మానేశాయేమిటే అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"పక్కింటివాళ్ళు పిల్లిని తెచ్చుకున్నారని చెప్పాను."

పక్కింట్లో పిల్లి కాదు కదా, బొద్దింక కూడా లేదు. ఆ ఇంటావిడ శుభ్రం అలాంటిది.

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. నేను చెబుతాను ఆయనకి," అన్నాను.

"చెప్పి? ఈ ఉత్సవం మధ్యలోనా? ఐదో వారం ఆ పియానో ఆవిడ వస్తోందని ఆరునెల్లుగా గాల్లో తేలుతున్నాడు మనిషి. ఈ ఒక్క వేసవీ గడవనీ. ఆయన టీకి వెళ్ళినప్పుడు నువ్వు సరిచేసెయ్."

"దొంగతనంగానా?"

"దొంగతనమేమిటే? మీ నాన్నేగా!"

ఇదీ మా అమ్మ తర్కం. దాంతో ఎవరూ గెలవడం నేను చూడలేదు.

అలా రెండో వారం నుంచీ మొదలైంది నా దొంగపని. నాన్న గుడారంలోకి వెళ్ళగానే ఫెల్టు పట్టీ దూర్చి, డెబ్భై రెండు తీగలు, నలభై నిమిషాల్లో, ఒకదాని వెనక ఒకటి కిందికి దించడం. నెత్తిన దీపాల వేడి, ఒక కన్ను గుడారం మీద. నాన్న లేచినట్టు కనిపిస్తే పట్టీ లాగేసి మూత తుడుస్తున్నట్టు నటించడం. ఎనిమిదేళ్ళుగా దేనికోసం కాచుకున్నానో ఆ మెట్ల మీద చివరికి నా చెయ్యి పడింది, అదీ జేబుదొంగ చెయ్యిలా. అవి ఎంత బాగా కుదిరాయో చూసుకుని మురవడానికి కూడా నాకు తీరిక లేదు.

మూడో వారం ఇరవై మంది బృందం వచ్చింది. అప్పుడే ఈదురుగాలి లేచింది. ఆరుబయట వాయించేవాళ్ళు స్వరాల కాగితాలకి బట్టల క్లిప్పులు పెట్టుకుంటారు. వీళ్ళు పట్నపు హాళ్ళలో వాయించి వచ్చినవాళ్ళు, క్లిప్పులేమిటని నవ్వారు. మూడో పాట మధ్యలో కాగితాలన్నీ ఒక్కసారి లేచి జనం మీద వాలాయి. వాళ్ళ నాయకుడు ట్రంపెట్ దించి, "నాలుగో పేజీ! గుర్తున్నవాళ్ళు నాలుగో పేజీ!" అని అరిచాడు. గుర్తున్నవాళ్ళు నాలుగోది వాయించారు, లేనివాళ్ళు తమకి గుర్తున్న పేజీ వాయించారు. అయినా ఆగకుండా, ఒకర్నొకరు వెతుక్కుంటూ, పోట్లాడుకుంటూ, ఎలాగో చివరి స్వరం మీద అందరూ కలుసుకున్నారు. మైదానమంతా లేచి నిలబడింది. వాళ్ళ పియానో కుర్రాడు దిగుతూ నాన్న చెయ్యి పట్టుకుని, "పైన గంటలు మోగినట్టుంది మాస్టారూ! ఆ గోలలో నాకు దారి చూపించినవి అవే," అన్నాడు.

నాన్న ఆ మాటని ఇంటిదాకా మోసుకొచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"విన్నావా? గంటలట! ఈ వయసులో నా చెవి ఇంకా పదునెక్కుతోందే!" అన్నాడు అమ్మతో. నావైపు తిరిగి, "నువ్వు కంగారుపడకు. ఇంకో ఐదేళ్ళు. నీకూ వస్తుంది," అన్నాడు.

బల్ల కింద అమ్మ నా కాలు తొక్కింది. నాకు వచ్చిన కోపానికి ఆ బల్ల ఎత్తి పడెయ్యాలనిపించింది. పని నాది, పేరు ఆయనది, పైగా ఓదార్పు నాకా!

నాలుగో వారం అయ్యాక ఇంక ఉండబట్టలేక నేరుగానే అడిగాను. "నాన్నా, వచ్చే శనివారం పైవి నన్ను చెయ్యనీ. ఒక్క వారం. నువ్వు పక్కనే ఉండి విను."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "వచ్చే శనివారమా? పియానో ఆవిడ వచ్చే శనివారమా? బుద్ధి ఉండే అడుగుతున్నావా?"

"ఉండే అడుగుతున్నాను."

"ఆవిడ వేళ్ళు పైనే ఆడతాయే. ఆవిడ పేరంతా ఆ పై మెట్ల మీదే ఉంది. అక్కడ ఒక్క తీగ తేడా వచ్చినా ఇరవై ఆరేళ్ళ పేరు గంగపాలు."

అదే కదా నా భయం! చెప్పేద్దామని నోరు తెరిచాను. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది, తడి చేతులతో. చెప్పొద్దన్నట్టు తలూపింది. నోరు మూసుకున్నాను. ఆ ఒక్కసారి మూసుకోకుండా ఉండాల్సింది.

ఐదో శనివారం నాన్న తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. మధ్యాహ్నం నా అరవై నాలుగు నేను చేశాను. ఆ రోజు ఎందుకో చెయ్యి చక్కగా కుదిరింది. మధ్య మెట్లు పలుకుతుంటే నాకే ఒళ్ళు ఝల్లుమంది. తరవాత నాన్న కూర్చుని పైవి చేశాడు, మామూలు కంటే ఎక్కువసేపు, మామూలు కంటే ఎక్కువ పైకి. టీకి వెళ్ళనని మొరాయించాడు. సెక్రటరీ బతిమాలి లాక్కెళ్ళాడు. నేను నలభై నిమిషాలకి బదులు పాతిక నిమిషాల్లో డెబ్భై రెండు తీగలూ దించి, వేళ్ళు మొద్దుబారి, చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళి, అక్కడే కాసేపు నడుం వాల్చాను.

తిరిగి వచ్చేసరికి జనం కూర్చుని ఉన్నారు. నాన్న వేదిక మీద ఉన్నాడు. చేతిలో పనిముట్టు.

ఆ రోజు ఆయన చివరి నిమిషంలో మరోసారి సరిచూసుకుందామనుకున్నాడు. నొక్కి చూస్తే పైవన్నీ కిందికి దిగినట్టు వినిపించాయి. దించింది నేను. ఆయనకేం తెలుసు? దీపాల వేడనుకున్నాడు. అన్నిటినీ మళ్ళీ పైకి లాగుతున్నాడు.

వేదికెక్కి ఆయన పక్కన వంగాను. "నాన్నా, ఇందాకే చూసుకున్నాం కదా. వదిలెయ్."

"దిగిపోయాయే. వేడికి మొత్తం దిగిపోయాయి. నీకు తెలీట్లేదా?" అన్నాడు. నుదుటి మీద చెమట. కళ్ళల్లో నిజమైన కంగారు.

"దిగలేదు నాన్నా."

"నువ్వు వెళ్ళు. అందరూ చూస్తున్నారు."

అందరూ చూస్తున్నారు, నిజమే. ముందు వరసలో అమ్మ కూడా చూస్తోంది. అప్పుడైనా, నేనే దించాను నాన్నా అని చెప్పి ఉండొచ్చు. చెబితే ఆరొందల మంది ముందు, తెల్ల చొక్కాలో, ఆయన మొహం ఎలా మారుతుందో ఊహించుకున్నాను. నా కాళ్ళు వాటంతటవే వేదిక దిగేశాయి. ఆయన పూర్తిచేసి లేచి నిలబడితే జనం చప్పట్లు కొట్టారు. శ్రుతి చేసేవాడికి చప్పట్లు కొట్టడం నేను అదే మొదటిసారి చూడ్డం.

ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలుస్తుంది అదెంత ఘోరమో. ఒకే తీగని ఒకే రోజు పైకి, కిందికి, మళ్ళీ పైకి లాగితే దాన్ని పట్టుకున్న మేకు ఇంక కుదురుగా ఉండదు. దెబ్బ పడినప్పుడల్లా కొంచెం కొంచెం జారుతుంది. అంటే ఆ మెట్లు ఎక్కువగా ఉండటమే కాదు, వాయిస్తుంటే మారిపోతూ కూడా ఉంటాయి.

పియానో ఆవిడ వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, అరవై దాటి ఉంటాయి. కూర్చుంది. మొదటి పాటలో కుడిచెయ్యి సరదాగా పైకి పరుగు తీసింది. మూడు స్వరాలు. చెయ్యి ఆగింది, పొయ్యి మీద గిన్నె తాకినట్టు వెనక్కి వచ్చింది. ఇంకోసారి, మెల్లగా, ఒకే వేలితో ఒక మెట్టు తాకి చూసింది. అంతే. ఆ తరవాత గంటుంబావు ఆవిడ కుడిచెయ్యి అరవై నాలుగో మెట్టు దాటలేదు.

ఏం చేసిందో చెబుతాను వినండి. పైన పలకాల్సిన పాటనంతా మధ్యకి దించుకుంది. చోటు చాలక ఒక చెయ్యి మీదుగా ఇంకో చెయ్యి వేసి వాయించింది. పాట పైకి ఎగరాల్సిన చోటు వచ్చినప్పుడల్లా చేతులు ఎత్తేసి ఊరుకుంది. ఆ ఖాళీలో జనం తమకి తామే ఆ స్వరం వినేసుకున్నారు. ఆవిడతో వచ్చిన డబుల్ బేస్ వాయించేవాడికి ఉన్నట్టుండి ఆవిడ కిందికి దిగి తన ఇంట్లో దూరిందని అర్థమైంది. రెండు నిమిషాలు తికమకపడి, చెయ్యి పైకి జరిపి, ఆ లావు తీగల మీద సన్నటి గొంతుతో పాడటం మొదలెట్టాడు. కిందిది పైకి పోయింది, పైది కిందికి వచ్చింది. గాలి కూడా లేదు ఆ రోజు. ఆరొందల మంది ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. సెక్రటరీ చేతిరుమాలు తీసి బాహాటంగానే ఏడ్చాడు.

అది గొప్పగానే ఉంది. నా బాధే అది. అంత గొప్పగా లేకపోయి ఉంటే బావుండేది.

నాన్న, నేను వేదిక పక్కన, ఆవిడ చేతులు కనిపించే చోట నిలబడి ఉన్నాం. మొదటి పాటకి ఆయన మొహం వెలిగిపోతోంది. మూడో పాటకి కొంచెం ముందుకి వంగాడు. నాలుగో పాటలో నెమ్మదిగా అడిగాడు.

"పైకి వెళ్ళట్లేదేమిటే ఆవిడ?"

"ఏమో నాన్నా."

ఆయన ఇంకాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు. మిగతా కచేరీ అంతా నేల చూస్తూ నిలబడ్డాడు.

అయిపోయాక ఆవిడ తిన్నగా మా దగ్గరికే వచ్చింది. "ఈ పియానో మీరు చూసుకుంటారటగా. మధ్య మెట్లు, కిందివి, ఇంత నిండుగా పలకడం నేను ఈ మధ్య వినలేదు. ఎవరు చేశారు?" అని అడిగింది.

నాన్న నావైపు చూడలేదు. "అంతా మా అమ్మాయే చేసిందండీ," అన్నాడు.

అంతా!

ఆవిడ నావైపు తిరిగి, నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. చాలా మెత్తగా, ఎవరికీ వినబడకుండా, "మంచి చెయ్యి నీది. పై మెట్లు మాత్రం ఇంకా నేర్చుకోవాలమ్మా. సిగ్గుపడకు, వస్తుంది. నాన్నగారిని అడిగి నేర్చుకో," అంది.

"అలాగేనండీ," అన్నాను.

నాన్న పక్కనే నిలబడి తన బూట్లు చూసుకుంటున్నాడు. ఆయనకి ఆ మాటలు వినబడ్డాయో లేదో నాకు తెలీదు. వినబడనంత మెత్తగానే అంది ఆవిడ. కానీ ఆ మొహం చూస్తే అర్థం కాకపోదు ఎవరికీ.

ఆ వారమంతా ఇంట్లో ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. పత్రికలో సగం పేజీ రాశారు, వయసు నేర్పిన నిగ్రహం, చెప్పకుండా వదిలెయ్యడంలోని అందం, ఇంకా ఏమేమో. అమ్మ దాన్ని మడిచి బీరువాలో దాచింది. నేను అమ్మతో పోట్లాడాను. "ఇదంతా నీ పిల్లి వల్లే!" అని అరిచాను. "నెమ్మదిగా అరువు, ఆయనకి వినబడుతుంది," అంది అమ్మ. అని, ఏమన్నదో తెలిసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆరో శనివారం పొద్దున్న నాన్న మోకాలు నొప్పన్నాడు. ఏ మోకాలని అడిగితే చూసి చెప్పాడు. నేనొక్కదాన్నే వెళ్ళాను. ఎలక్ట్రీషియన్ దీపాలు వేశాడు. మొదటిసారి, పట్టపగలు, ఎవరికీ భయపడకుండా, ఎనభై ఎనిమిది మెట్లూ నేను చేశాను. పైకి వెళ్ళేకొద్దీ సన్నబడే ఆ ఊపుని పట్టుకుని, చివరి మెట్టు దాకా వెళ్ళి ఆపాను. ఎన్నేళ్ళుగానో కోరుకున్న రోజు. సంతోషమేసిందా అంటే, లేదు. చెడగొట్టి, బుద్ధి తెచ్చుకుని, మళ్ళీ అవకాశం పుచ్చుకున్న శిష్యురాలిలా ఉంది నాకు. సెక్రటరీ కూడా వచ్చి భుజం తట్టి, "పోయినవారం పైన ఏదో తేడా చేశావని పియానో ఆవిడ వెళ్తూ అంది, ఫరవాలేదమ్మా, జాగ్రత్త," అని వెళ్ళాడు.

ఆ సాయంత్రం నలుగురు వాయించారు. బాగానే వాయించారు. వాళ్ళ పియానో ఆయన పైకి కిందికి హాయిగా తిరిగాడు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ నిలబడలేదు. ఆ నలుగురి పేర్లు ఇప్పుడు ఊళ్ళో ఎవర్నడిగినా చెప్పలేరు. అన్నీ సరిగ్గా ఉన్న సాయంత్రం అది, గుర్తుపెట్టుకోవడానికి అందులో ఏముంది?

నాన్న వచ్చాడు. అమ్మతో కలిసి చివరి వరసలో కూర్చున్నాడు. ముగ్గురం నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాం. వంతెన దాటాక అన్నాడు.

"పైన కొంచెం దిగినట్టున్నాయే."

అమ్మ నా చెయ్యి గిల్లింది. నేను చెయ్యి లాక్కున్నాను.

"దిగలేదు నాన్నా. సరిగ్గా ఉన్నాయి."

ఆయన నడక ఆపాడు. "మరి పోయినవారం?"

"ఎక్కువయ్యాయి. మొదటి వారం కూడా ఎక్కువే. రెండు, మూడు, నాలుగు నేను సరిచేశాను. నువ్వు టీకి వెళ్ళినప్పుడు. ఐదోవారం నేను దించినవి నువ్వు మళ్ళీ ఎక్కించావు."

"ఆ గంటలు?"

"నేనే."

ఆయన అమ్మవైపు తిరిగాడు. "నీకు తెలుసా ఇదంతా?"

"నాకేం తెలుసండీ!" అంది అమ్మ వెంటనే.

ఆయన అమ్మనే చూస్తూ నిలబడ్డాడు. "అయితే పక్కింట్లో పిల్లి లేదన్నమాట," అన్నాడు.

అమ్మ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది గానీ కోపం ఇంకా ఎక్కువగా ఉంది. "ఆవిడ నన్ను నేర్చుకోమంది నాన్నా. నీ దగ్గర అడిగి నేర్చుకోమంది. నువ్వు పక్కనే ఉన్నావు," అన్నాను. ఆయన ఇంటిదాకా మాకంటే పదడుగులు ముందు నడిచాడు. మోకాలు బాగానే ఉంది.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి హాల్లోంచి అరుపులు. సెక్రటరీని అడిగి పియానో ఆవిడ నంబరు పుచ్చుకున్నాడట. ఫోను చెవికి అదిమిపట్టుకుని, వీధి చివరిదాకా వినబడేలా మాట్లాడుతున్నాడు.

"నేనండీ, పియానో మాస్టార్ని! ఆ రోజు మా అమ్మాయి చేసిందని చెప్పాను కదండీ. పైవి చేసింది నేను! మా అమ్మాయి కాదు! మీరు మెచ్చుకున్నవి తనవి. చెడగొట్టినవి నావి... ఏంటండీ?... వినబడట్లేదు... కాదండీ, ఫోను బాగానే ఉంది. నాకే వినబడదు. చలికాలం నుంచీ. పైవి సగం వినబడవు, మిగతా సగం దిగినట్టు వినబడతాయి. చేతి అలవాటు మీద లాగిస్తున్నాను."

వంటింట్లో కుళాయి ఆగింది. ఆ మాట ఆయన మాకెవరికీ చెప్పలేదు. మొన్నా చెప్పలేదు, నిన్న వంతెన దగ్గరా చెప్పలేదు. ఒక పరాయి మనిషికి, ఫోన్లో, గొంతు చించుకుని చెప్పాడు.

ఫోను నాకిచ్చాడు. "ఏదో అంటోంది. నువ్వు విను."

ఆవిడ గొంతు నిద్రమత్తుగా, మర్యాదగా ఉంది. "ఎవరమ్మా ఆయన? ఏ ఊరు?" అని అడిగింది. మైదానం, సగం పైకప్పు, ఐదో శనివారం, అన్నీ చెప్పాను. "వేసవిలో ముప్ఫై నలభై చోట్ల వాయిస్తానమ్మా. ప్రతిచోటా పియానోకి ఏదో ఒకటి ఉంటుంది. ఒకచోట కాలి పెడల్, ఒకచోట కిందివి, ఇంకోచోట పైవి. మీది ఏదో నాకు గుర్తు రావట్లేదు. పెద్దాయన్ని బాధపడొద్దని చెప్పు," అంది.

"నన్ను పై మెట్లు నేర్చుకోమన్నారండీ," అన్నాను.

"అన్నానా? అయ్యో. అని ఉంటానులే," అని పెట్టేసింది.

నాన్న నా మొహంలోకి చూస్తున్నాడు. "ఏమందే?"

ఆయన వెనక అమ్మ వచ్చి నిలబడింది. ఏదో ఒక మంచిమాట చెప్పమని రెండు చేతులతో సైగలు చేస్తోంది. నేను అమ్మవైపు చూడటం మానేసి, గట్టిగా, ఒక్కో మాటా విడగొట్టి చెప్పాను.

"ఆవిడకి మనం గుర్తు లేం నాన్నా."

ఆయన మొహం ఎర్రబడింది. "గుర్తు లేమా? ఇరవై నాలుగు మెట్లు అంత దరిద్రంగా చేస్తే గుర్తు లేదా?"

"లేదట."

"గంటుంబావు! గంటుంబావు వాటిని తప్పించుకుంటూ వాయించి, గుర్తు లేదా?"

"లేదు నాన్నా."

కుర్చీలో కూలబడ్డాడు. కాసేపు ఫోను వంక చూశాడు. "మనిషికి చెవుల్లేవే," అన్నాడు చివరికి, పరమ అసహ్యంగా. "వచ్చే ఏడు పైవి నువ్వెంత బాగా చెయ్యి, ఆవిడకి తెలిస్తే ఒట్టు."

ఎనిమిదేళ్ళుగా అడుగుతున్నది అలా ఇచ్చాడు, ఇంకొకరిని తిడుతూ, ఇచ్చానని కూడా చూసుకోకుండా. సంతోషపడాలో పోట్లాడాలో తెలీక ఒళ్ళు మండిపోతూ నేనక్కడే నిలబడ్డాను. అమ్మ వెళ్ళి కుళాయి తిప్పింది.